పట్టాల మీది పీపా: ట్యాంకు వ్యాగన్లు, వాటి నమూనాలు

కాజీపేట జంక్షన్‌లో మూడు దారులు కలుస్తాయి. ఒకటి పడమరగా సికింద్రాబాద్‌కు, ఒకటి ఉత్తరంగా బల్లార్షాకు, మూడోది వరంగల్, డోర్నకల్ మీదుగా విజయవాడకు వెళుతుంది. ఈ దారుల్లో బొగ్గు, సిమెంటు, బియ్యం, ఎరువులు మోసే గూడ్సులు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. వాటిలో ఏది ఏమిటో దూరం నుంచి చెప్పాలంటే కాస్త అలవాటు కావాలి. ట్యాంకర్ల గూడ్సును మాత్రం చిన్నపిల్లలు కూడా ఇట్టే గుర్తుపడతారు. పడుకోబెట్టిన ఇనుప పీపాలు ఒకదాని వెనక ఒకటి, యాభై దాకా బారులు తీరి కదులుతాయి. ఆ పీపా బండినే రైల్వేవారు ట్యాంకు వ్యాగన్ అంటారు.

ఇంత తేలికగా గుర్తుపట్టగల ఆకారం కనుకనే బొమ్మ రైళ్లు చేసేవారికి అది నూరేళ్లుగా ఇష్టమైన బండి అయింది. ఆటబొమ్మకూ నమూనాకూ తేడా ఉంది. ఆటబొమ్మకు పోలిక ఉంటే చాలు. నమూనాకు కొలత ఉండాలి. అసలు బండిలోని ప్రతి భాగాన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసినదే నమూనా. ఆ భాగం అక్కడ ఎందుకుందో తెలిస్తే తప్ప కొలత ఒక్కటే తెలిసి ప్రయోజనం లేదు. ట్యాంకు వ్యాగన్ విషయంలో ఆ ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు పీపా లోపలే, అది మోసే ద్రవంలోనే దొరుకుతుంది.

ట్యాంకు వ్యాగన్ పుట్టిల్లు అమెరికాలోని పెన్సిల్వేనియా. 1859లో అక్కడి టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావిలో చమురు పడింది. చూస్తుండగానే ఆ లోయ నిండా బావులు లేచాయి. తీసిన చమురును చెక్క పీపాల్లో నింపి గుర్రపు బండ్ల మీద, పడవల మీద తరలించేవారు. పీపాలు కారేవి, పగిలేవి. కొన్నిసార్లు లోపలి చమురు కన్నా పీపాకే ఎక్కువ ఖర్చయ్యేది. 1865లో ఆమోస్ డెన్స్‌మోర్, జేమ్స్ డెన్స్‌మోర్ అనే అన్నదమ్ములు చదును రైలు బండి మీద రెండు పెద్ద చెక్క తొట్లను నిలువుగా బిగించారు. ఒక్కో తొట్టిలో సుమారు 40 పీపాల చమురు పట్టేది. చమురు కోసమే తయారైన తొలి రైలు బండి అదే.

ఆ తొట్లకు రెండు లోపాలున్నాయి. నిలువుగా ఉండడంతో బరువంతా ఎత్తున నిలిచి బండి తూగేది. చెక్క అతుకుల నుంచి చమురు కారేది. నాలుగేళ్లు తిరిగేసరికి, అంటే 1869 నాటికి, పీపాను అడ్డంగా పడుకోబెట్టారు, చెక్క స్థానంలో ఇనుము వాడారు. బరువు కిందికి దిగింది, అతుకులు గట్టిపడ్డాయి. కాజీపేట మీదుగా ఇవాళ సాగే వ్యాగన్ కూడా మూలంలో ఆ 1869 నాటి ఆకారమే.

ఇదే పద్ధతి రష్యన్ సామ్రాజ్యంలోని బాకూ చమురు క్షేత్రాలకూ చేరింది. అక్కడ వ్యాపారం చేసిన నోబెల్ సోదరులు కిరోసిన్‌ను ట్యాంకు వ్యాగన్లలో తరలించారు. 1883లో బాకూ నుంచి నల్లసముద్రపు రేవు బటూమికి రైలు మార్గం పూర్తయింది. తూర్పు దేశాలకు కిరోసిన్ అప్పటిదాకా చెక్కపెట్టెల్లో సర్దిన రేకు డబ్బాల్లో ఓడలెక్కి వచ్చేది. 1892లో ‘మ్యూరెక్స్’ అనే ట్యాంకర్ ఓడ కిరోసిన్‌ను డబ్బాల్లో కాకుండా తన కడుపులోనే నింపుకొని సూయజ్ కాలువ దాటి తూర్పుకు వచ్చింది. ఆ తరువాత రేవుల్లో పెద్ద పెద్ద నిల్వ ట్యాంకులు వెలిశాయి. రేవు నుంచి లోపలి పట్టణాలకు ద్రవాన్ని ద్రవంగానే పంపాలంటే రైలు ట్యాంకు వ్యాగన్ తప్పనిసరి అయింది. తెలుగు ఇళ్లలో తరతరాలుగా నిలిచిన కిరసనాయిలు డబ్బాకూ, పట్టాల మీది పీపాకూ చుట్టరికం ఇలా కలిసింది.

వరంగల్ ప్రాంతానికి రైలు తెచ్చింది నిజాం రైల్వే. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వచ్చిన మార్గం 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా సాగింది. కాజీపేట నుంచి బల్లార్షాకు దారి పూర్తయ్యాక, 1929 నాటికి ఉత్తర దక్షిణ భారతాలను కలిపే ప్రధాన మార్గంలో కాజీపేట కీలకమైన కూడలి అయింది. ఇంజన్ల, పెట్టెల మరమ్మతుకు 1893లోనే లాలాగూడ వర్క్‌షాపు వెలిసింది. స్వాతంత్ర్యానంతరం నిజాం రైల్వే భారతీయ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే కిందికి ఈ మార్గాలు వచ్చాయి.

ఈ దారుల మీద చమురు రవాణాకు పెద్ద ఊపు విశాఖపట్నం నుంచి వచ్చింది. 1957లో అక్కడ కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టింది. 1976లో ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది, 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. విశాఖలో శుద్ధి చేసిన పెట్రోలు, డీజిలు, కిరోసిన్ కోస్తా రైలుమార్గం మీదుగా విజయవాడకు, అక్కడి నుంచి తెలంగాణకు ట్యాంకు వ్యాగన్లలో ప్రయాణించాయి. 1990ల చివర విశాఖ, విజయవాడ, సికింద్రాబాద్‌లను కలిపే చమురు పైపులైను వచ్చాక అందులో కొంత భాగం భూమి అడుగుకు మళ్లింది. అయినా పైపు చేరని ఊళ్లకూ, పైపులో పంపడానికి వీలుకాని సరుకులకూ వ్యాగనే దిక్కు.

ఇక వ్యాగన్ నిర్మాణం. పీపా గుండ్రంగా ఉండడానికి కారణం ద్రవపు ఒత్తిడి. ద్రవం తనను పట్టి ఉంచిన గోడను అన్ని వైపులా నెడుతుంది. పెట్టెలాంటి పాత్ర అయితే మూలల దగ్గర, చదును గోడల మధ్య ఆ ఒత్తిడి రేకును వంచుతుంది. గుండ్రని గోడకు మూలలుండవు కనుక ఒత్తిడిని అది సమంగా పంచుకుంటుంది. తక్కువ ఇనుముతో ఎక్కువ ద్రవం పడుతుంది. పీపా రెండు చివర్లూ కూడా చదునుగా ఉండవు, పళ్లెంలా బయటికి ఉబ్బి ఉంటాయి. బండికి బ్రేకు వేసినప్పుడు లోపలి ద్రవమంతా ముందుకు దూకి ఆ చివరను మోదుతుంది. ఉబ్బిన పళ్లెం ఆ దెబ్బకు తట్టుకుంటుంది.

పీపా మీద, నడుమ, పాత వ్యాగన్లకు ఒక గుమ్మటం కనిపించేది. దాన్ని డోమ్ అంటారు. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది. పెట్రోలు ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాని పరిమాణం దాదాపు వెయ్యింట ఒక వంతు పెరుగుతుంది. 70,000 లీటర్ల పెట్రోలు 15 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1,000 లీటర్లు పెరిగినట్లు. తెల్లవారుజామున సముద్రతీరంలో నింపిన బండి మే నెల మధ్యాహ్నం ఓరుగల్లు ఎండలో నిలబడితే ఆ పెరిగిన చమురుకు చోటు కావాలి. ఆ చోటే డోమ్. తరువాతి కాలంలో పీపా నిండా నింపకుండా పైభాగంలోనే కొంత ఖాళీ వదిలే పద్ధతి వచ్చింది. డోమ్ కుదించుకుపోయి, మ్యాన్‌హోల్ మూతగా మిగిలింది. దాని పక్కనే సేఫ్టీ వాల్వు ఉంటుంది. లోపలి ఆవిరి ఒత్తిడి హద్దు దాటితే అది తెరుచుకుంటుంది. పీపా అడుగున సరుకు దించే వాల్వు ఉంటుంది. ఫర్నేస్ ఆయిల్, తారు వంటి చిక్కటి సరుకులు మోసే కొన్ని వ్యాగన్లలో ఆవిరి గొట్టాలను అమర్చి, సరుకును వేడి చేసి, పలచబరిచి దించుతారు.

ఒకప్పటి ట్యాంకు వ్యాగన్లు ఎక్కువగా నాలుగు చక్రాలవి. పీపాను ఇనుప చట్రం మీద కూర్చోబెట్టి, దాని కింద రెండు ఇరుసులు బిగించేవారు. వ్యాగన్లను కలిపేందుకు స్క్రూ కప్లింగ్, తాకిడిని మోయడానికి చివరన రెండేసి బఫర్లు, ఆపడానికి వాక్యూమ్ బ్రేకు ఉండేవి. తరువాత ఎనిమిది చక్రాల బోగీ వ్యాగన్లు వచ్చాయి. వాటికి మధ్యలో ఒకే ఒక బలమైన కప్లర్, గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకు ఉంటాయి. వ్యాగన్ల నమూనా చిత్రాలు రూపొందించి, ప్రమాణాలు నిర్ణయించే బాధ్యత 1957లో ఏర్పడిన లక్నోలోని రైల్వే పరిశోధనా సంస్థ ఆర్‌డీఎస్‌ఓది.

ఇవాళ కాజీపేటలో ఎక్కువగా కనిపించే ట్యాంకు వ్యాగన్ మీద బీటీపీఎన్ అని రాసి ఉంటుంది. బీ అంటే బోగీ, టీ అంటే ట్యాంకు, పీ అంటే పెట్రోలు, ఎన్ అంటే ఎయిర్ బ్రేకు. ఖాళీ వ్యాగన్ బరువు సుమారు 27 టన్నులు, మోసే సరుకు సుమారు 54 టన్నులు. రెండూ కలిపి 81.28 టన్నులు నాలుగు ఇరుసుల మీద పడుతుంది, అంటే ఇరుసుకు 20.32 టన్నులు. పొడవు కప్లర్ల మధ్య సుమారు 12.4 మీటర్లు. పీపా వ్యాసం సుమారు 2.8 మీటర్లు. లోపల పట్టేది దాదాపు 70,000 లీటర్లు.

ఈ అంకెలను పక్కపక్కన పెడితే బండి కొలతల రహస్యం బయటపడుతుంది. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలోకు కాస్త తక్కువ. అందువల్ల పెట్రోలు నింపితే 54 టన్నుల హద్దు రాకముందే పీపా నిండిపోతుంది. డీజిలు లీటరుకు 830 గ్రాములకు అటూ ఇటూ. డీజిలు నింపితే పీపాలో కాస్త చోటు మిగిలి ఉండగానే బరువు హద్దు వచ్చేస్తుంది. పెట్రోలుకూ డీజిలుకూ సరిపోయే రాజీ కొలత అది.

అదే పీపాలో నీళ్లు నింపితే లెక్క మారుతుంది. లీటరు నీటి బరువు కిలో. 54,000 లీటర్ల దగ్గరే బరువు హద్దు వస్తుంది, పీపాలో నాలుగో వంతు దాకా ఖాళీగా ఉండిపోతుంది. 2016 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని లాతూర్ దాహంతో అల్లాడినప్పుడు మిరజ్ నుంచి నీటి రైలు నడిచింది. రాజస్థాన్‌లోని కోటా వర్క్‌షాపులో పెట్రోలు వ్యాగన్లను ఆవిరితో కడిగి ఆ పనికి సిద్ధం చేశారు. 2019 జులైలో జోలార్‌పేట నుంచి చెన్నైకి 50 వ్యాగన్లలో 25 లక్షల లీటర్ల నీళ్లు చేర్చారు. వ్యాగన్‌కు 50,000 లీటర్లు. ఆ అంకె వెనక ఉన్నది ఈ బరువు లెక్కే.

ద్రవం మారితే బండి రూపు కూడా మారుతుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటికన్నా దాదాపు 1.8 రెట్లు బరువు. కనుక ఆమ్లం మోసే వ్యాగన్ పీపా అదే చట్రం మీద సన్నగా కనిపిస్తుంది. వంటగ్యాసు తేలిక, కానీ దాన్ని ద్రవంగా ఉంచాలంటే ఒత్తిడిలో బిగించి ఉంచాలి. ఆ ఒత్తిడికి తట్టుకునే పీపా గోడలు చాలా మందం. బీటీపీజీఎల్ఎన్ అనే గ్యాసు వ్యాగన్ పొడవు సుమారు 19 మీటర్లు. అందులో సరుకు బరువు కన్నా బండి బరువే ఎక్కువ. బీటీఎఫ్ఎల్ఎన్ అనే మరో రకంలో అడుగు చట్రాన్నే తీసేశారు. పీపాయే వెన్నెముకలా బలాన్ని మోస్తుంది. చట్రం పోయిన మేరకు బండి బరువు తగ్గి, ఆ మేరకు సరుకు పెరిగింది.

పాలది మరో కథ. పాలకు కావలసింది చల్లదనం, శుభ్రత. అందుకే పాల ట్యాంకర్ లోపల స్టెయిన్‌లెస్ స్టీలు, చుట్టూ వేడి చొరబడని పొర ఉంటాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు దక్షిణ మధ్య రైల్వే రేణిగుంట నుంచి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌కు ‘దూధ్ దురంతో’ నడిపింది. ఒక్కో ట్యాంకర్‌లో 40,000 లీటర్ల పాలు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి మహారాష్ట్రకు వెళ్లిన తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ కూడా ద్రవాన్నే మోసింది. అయితే అక్కడ రైలుకు సొంత పీపాలు లేవు. లారీ ట్యాంకర్లనే చదును వ్యాగన్ల మీదికి ఎక్కించి తీసుకుపోయారు. నమూనా చేసేవారు ఈ తేడాను గమనించకపోతే చరిత్ర తప్పుతుంది.

బొమ్మ రైళ్లకు కొలతల క్రమం తెచ్చినది జర్మనీకి చెందిన మార్క్‌లిన్ సంస్థ. 1891లో లైప్‌జిగ్ సంతలో అది తన రైళ్లకు పట్టాల మధ్య దూరాన్ని బట్టి వరుస సంఖ్యలు ఇచ్చింది. అదనపు పెట్టెలు, అదనపు పట్టాలు కొని చేర్చుకునే వీలు అలా కలిగింది. ఇంగ్లండ్‌లో మెకానో సంస్థ 1920లో హార్న్‌బీ రైళ్లను మొదలుపెట్టింది. 1922లో దాని తొలి చమురు ట్యాంకు వ్యాగన్ వచ్చింది. దాని మీద ‘రాయల్ డేలైట్’ అని ఉండేది. అది అప్పట్లో దీపాలకు వాడే కిరోసిన్ పేరు. ఆ తరువాత షెల్, ప్రాట్స్, రెడ్‌లైన్, నేషనల్ బెంజోల్ వంటి పేర్లతో మరిన్ని వచ్చాయి.

ట్యాంకు వ్యాగన్ మీద బొమ్మల తయారీదారులకు అంత మక్కువ ఎందుకంటే రెండు కారణాలు. అప్పటి బొమ్మలు రేకుతో చేసేవారు. రంగు అచ్చు వేసిన రేకును గుండ్రంగా చుడితే పీపా సిద్ధం. రెండోది, అసలు వ్యాగన్లు చాలావరకు రైల్వేవి కావు, చమురు కంపెనీల సొంతం. వాటి మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో, మెరిసే రంగుల్లో ఉండేది. ఒకే పీపాకు రంగు మార్చి, పేరు మార్చి కొత్త బొమ్మగా అమ్మగలిగేవారు. అందుకే నాటి బొమ్మల రంగులు నిజానికి దగ్గరగా ఉన్నా, పీపా కొలతలు ఏ అసలు బండికీ సరిపోవు. కొలతకు కట్టుబడిన నమూనాలు మెల్లగా తరువాత వచ్చాయి.

నమూనా ప్రపంచంలో ఎక్కువ మంది వాడే స్కేలు హెచ్ఓ. అందులో అసలు బండి 87వ వంతుకు తగ్గుతుంది. బ్రిటన్‌లో ఓఓ స్కేలు ఎక్కువ, అది 76వ వంతు. ఇంకా చిన్నది ఎన్ స్కేలు, 160వ వంతు. హెచ్ఓ, ఓఓ రెండూ నడిచేది 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీదే. యూరప్, అమెరికాల్లో చాలావరకు పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే దాదాపు 16.5 వస్తుంది.

భారతీయ బ్రాడ్‌గేజి విషయంలో ఇక్కడే చిక్కు. దాని వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.26 మిల్లీమీటర్లు వస్తుంది. మార్కెట్లో దొరికే 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద హెచ్ఓ స్కేలు బీటీపీఎన్‌ను పెడితే పట్టాలు దాదాపు 3 మిల్లీమీటర్లు ఇరుకు. ఎదురుగా చూస్తే వెడల్పాటి పీపా సన్నని కాళ్ల మీద నిలబడ్డట్టు కనిపిస్తుంది. దీనికి మూడు మార్గాలున్నాయి. పక్క నుంచి చూస్తే తెలియదు కనుక ఆ ఇరుకును ఒప్పుకోవడం మొదటిది. 19.26 మిల్లీమీటర్ల పట్టాలను సొంతంగా వేసుకోవడం రెండోది, అది ఓపిక గలవారి పని. మూడోది బండి స్కేలునే మార్చడం. నూరో వంతు స్కేలులో బ్రాడ్‌గేజి 16.76 మిల్లీమీటర్లు అవుతుంది. మార్కెట్లోని పట్టాలకు పావు మిల్లీమీటరు తేడాతో సరిపోతుంది. నూరో వంతుకు ఇంకో సుఖం కూడా ఉంది. మీటరు సెంటీమీటరు అవుతుంది. 12.4 మీటర్ల వ్యాగన్ 12.4 సెంటీమీటర్ల నమూనా, లెక్క వేయకుండానే తేలిపోతుంది.

మీటర్‌గేజికి ఈ బాధ లేదు. 1,000 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 11.5 వస్తుంది. స్విట్జర్లాండ్ వంటి దేశాల మీటర్‌గేజి నమూనాల కోసం 12 మిల్లీమీటర్ల పట్టాలు ఎప్పటినుంచో దొరుకుతున్నాయి. ఒకప్పుడు సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్‌కు సాగిన మీటర్‌గేజి మార్గాన్ని నమూనాగా చేయదలచినవారికి దారి సులువు.

హెచ్ఓ స్కేలులో బీటీపీఎన్ పీపాను సొంతంగా చేయడానికి ముడిసరుకు వరంగల్ బజారులోనే దొరుకుతుంది. 2.8 మీటర్ల వ్యాసాన్ని 87తో భాగిస్తే 32 మిల్లీమీటర్లు. వ్యవసాయ మోటార్లకు వాడే 32 మిల్లీమీటర్ల పీవీసీ పైపు బయటి వ్యాసం అదే. 13 సెంటీమీటర్ల ముక్క కోస్తే ఒళ్లు సిద్ధం. ఉబ్బిన చివరలకు కర్రను తరిమెన పట్టి బిళ్లలు తీయవచ్చు. ఏటికొప్పాక లక్కబొమ్మల వారు అంకుడు కర్రతో తరతరాలుగా చేస్తున్న పని అలాంటిదే.

పీపా ఒంటి మీద ఏముండాలో బండి వయసును బట్టి నిర్ణయించుకోవాలి. పాత వ్యాగన్ల పీపాలు రివెట్లతో అతికినవి. వాటికి అతుకుల వెంట చుక్కల వరుసలు కనిపించాలి. తరువాతివి వెల్డింగ్ చేసినవి, నున్నగా ఉంటాయి. రివెట్ల కోసం పలుచని ఇత్తడి రేకును వెనక నుంచి సూదిమొనతో ఒక్కో చుక్కా ఒత్తి, ఆ రేకును పైపు చుట్టూ చుడతారు. కాజీపేట, సికింద్రాబాద్ దారిలోనే ఉన్న పెంబర్తి, ఇత్తడి రేకు మీద ఉబ్బెత్తు పనికి పేరెన్నిక గన్నది. కాకతీయుల కాలం నుంచి వస్తున్నదని చెప్పే ఆ కళకూ, నమూనాకారుడి రివెట్ల పనికీ సూత్రం ఒకటే: వెనక నుంచి కొట్టి ముందు రూపం తేవడం.

నిచ్చెన, పైన నడిచే సన్నని బాట, కమ్మీలు వంటివి చేయడం కష్టమైన పని. అసలు నిచ్చెన మెట్టు 20 మిల్లీమీటర్ల కడ్డీ అయితే నమూనాలో అది పావు మిల్లీమీటరు కన్నా సన్నం. అంత సన్నటి తీగ చేతికి తగిలితే వంగిపోతుంది. అందుకే అరుదుగా పట్టుకునే నమూనాకు సన్నని తీగ, తరచూ నడిపే నమూనాకు కాస్త లావు తీగ వాడడం ఆనవాయితీ.

బరువు విషయంలో ఒక చక్కని పొత్తు ఉంది. పొడవు 87 రెట్లు తగ్గితే ఘనపరిమాణం 87ను మూడుసార్లు గుణించినంత, అంటే 6,58,503 రెట్లు తగ్గుతుంది. నిండు బీటీపీఎన్ 81.28 టన్నులను ఆ సంఖ్యతో భాగిస్తే సుమారు 123 గ్రాములు వస్తుంది. పట్టా తప్పకుండా నడవడానికి అమెరికా నమూనా రైళ్ల సంఘం ఒక సూత్రం సూచించింది. హెచ్ఓ బండి బరువు ఒక ఔన్సు, ఆపైన అంగుళం పొడవుకు అర ఔన్సు చొప్పున ఉండాలి. ఆ లెక్కన ఈ వ్యాగన్‌కు సుమారు 108 గ్రాములు కావాలి. రెండు అంకెలూ దగ్గర దగ్గరే. పైపు అడుగున సీసం ముక్కలో, ఇనుప నట్లో అతికించి ఆ బరువు తెస్తారు. బరువు అడుగున ఉండాలి, కదలకుండా ఉండాలి. డెన్స్‌మోర్ తొట్ల కాలంలో నేర్చిన పాఠం బల్ల మీది బండికీ వర్తిస్తుంది.

మలుపుల్లోనూ జాగ్రత్త కావాలి. భారతీయ బ్రాడ్‌గేజిలో బాగా బిగువైన 10 డిగ్రీల వంపు వ్యాసార్ధం 175 మీటర్లు. హెచ్ఓలో అది 2 మీటర్లు. బొమ్మల దుకాణాల్లో దొరికే వంపు పట్టాల వ్యాసార్ధం చాలావరకు అర మీటరుకు లోపే ఉంటుంది. ఆ వంపులో పొడవాటి గ్యాసు వ్యాగన్ల కంటే పాత నాలుగు చక్రాల వ్యాగన్లు చక్కగా నడుస్తాయి.

తరువాత రాత. ఇప్పటి భారతీయ వ్యాగన్ మీద 11 అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండంకెలు వ్యాగన్ రకాన్ని, తరువాతి రెండు ఏ రైల్వేకు చెందినదో, ఆ తరువాతి రెండు తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. తరువాతి నాలుగు వరుస సంఖ్య. చివరి అంకె మిగతావాటిని సరిచూసే తనిఖీ అంకె. దాని పక్కన ఖాళీ బరువు, మోసే బరువు, గత మరమ్మతు ఎక్కడ ఎప్పుడు జరిగిందో, మళ్లీ ఎప్పుడు జరగాలో రాసి ఉంటాయి. కరెంటు తీగల కింద పీపా మీదికి ఎక్కవద్దన్న హెచ్చరిక కూడా ఉంటుంది, పైన ఉన్నది 25,000 వోల్టుల తీగ కనుక. రాతలో ఉన్న సంవత్సరానికీ, బండి మీది కప్లర్‌కూ, దాన్ని లాగే ఇంజన్‌కూ పొంతన కుదరాలి. నాలుగు చక్రాల వాక్యూమ్ బ్రేకు ట్యాంకును ఇప్పటి విద్యుత్ ఇంజన్ వెనక కట్టి కొత్త గూడ్సు అంటే చెల్లదు.

రంగు వేశాక మురికి కూడా వేయాలి. మ్యాన్‌హోల్ దగ్గర నింపేటప్పుడు చిందిన చమురు పీపా పక్కల వెంట నల్లని చారలుగా జారుతుంది. ఆ చారలకు దుమ్ము అంటుకుంటుంది. చక్రాల దగ్గర బ్రేకు పొడి గోధుమ రంగులో పేరుకుంటుంది. చారలు పైనుంచి కిందికే జారాలి, నడుమ మూత దగ్గర చిక్కగా మొదలై కింద పలచబడాలి. అది తెలియక పీపా అంతటా సమంగా పూసిన మురికి కృతకంగా కనిపిస్తుంది.

చివరిది రైలు కూర్పు. మంటలంటుకునే సరుకు గనుక ఇంజన్‌కూ మొదటి ట్యాంకుకూ మధ్య, చివరి ట్యాంకుకూ గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌కూ మధ్య వేరే వ్యాగన్‌ను అడ్డంగా ఉంచే పద్ధతి ఉంది. దాన్ని గార్డ్ వ్యాగన్ అంటారు. నిప్పులు చిమ్మే ఆవిరి ఇంజన్ల కాలంలో దాని అవసరం మరీ ఎక్కువ. 50 బీటీపీఎన్‌ల గూడ్సు ట్యాంకుల వరకే సుమారు 620 మీటర్లు. హెచ్ఓలో అది 7 మీటర్లు దాటుతుంది, సామాన్యమైన ఇంటి హాలులో పట్టదు. కనుక 10 వ్యాగన్లతో సరిపెట్టుకుంటారు, అంటే సుమారు ఒకటిన్నర మీటరు. సంఖ్య తగ్గినా ముందొక గార్డ్ వ్యాగన్, వెనకొక గార్డ్ వ్యాగన్, ఆ వెనక బ్రేక్ వ్యాన్ ఉంటే చూసినవారికి అది చమురు గూడ్సు అని తెలుస్తుంది.

నాలుగు చక్రాల పాత ట్యాంకు వ్యాగన్లు పనిలోంచి తప్పుకుని ఇనుప తుక్కు కింద కోతకు వెళ్లాయి. రివెట్ల పీపా, డోమ్, స్క్రూ కప్లింగ్ ఇప్పటి పిల్లలకు పట్టాల మీద కనిపించవు. వాటి కొలతలు పాత చిత్రాల్లో, రూపు పాత ఫొటోల్లో మిగిలాయి. ఆ రెండింటినీ కలిపి, చుట్టూ తిప్పి చూడగలిగే వస్తువుగా మళ్లీ నిలబెట్టగలిగేది కొలతకు కట్టుబడిన నమూనా ఒక్కటే.